కత్తెరకు పోయిన గీత

మా అన్నయ్యను తాగుబోతని తేల్చింది మనుషులెవరూ కాదు, అతని కాలేయమే. బస్సు డ్రైవర్లకు ఏటా జరిగే వైద్యపరీక్షలో అతని రక్తంలో లివర్ ఎంజైములు ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువున్నాయని వచ్చింది. స్కాన్ తీస్తే కాలేయం నిండా కొవ్వు. మెడికల్ బోర్డు డాక్టరు కళ్లజోడు ముక్కు మీదికి జార్చి అన్నయ్యను ఎగాదిగా చూశాడు. అన్నయ్యను డిపోలో అందరూ "పుల్ల" అంటారు. కొన్న బెల్టుకల్లా మేకుతో అదనంగా చిల్లులు పొడుచుకునే మనిషి. షుగర్ లేదు, బీపీ లేదు, పొట్ట అసలే లేదు.

"లావుగా ఉన్నవాడి లివర్లో కొవ్వుంటే తిండి వల్ల అంటాం. నీలాంటి పుల్లకుంటే సీసా వల్ల అంటాం" అని డాక్టరు నవ్వుతూనే స్టీరింగ్ ముట్టుకోవద్దని రాసిపారేశాడు. బోర్డు మళ్లీ కూర్చునేలోపు వేరే కారణం ఏదైనా రుజువు చేస్తే సరి. లేదంటే అన్నయ్య ఇక జన్మలో బస్సు నడపడు.

అన్నయ్య బుద్ధెరిగాక చుక్క ముట్టలేదు. దగ్గుమందు కొన్నా అందులో ఆల్కహాలుందేమోనని చీటీ మీద చిన్న అక్షరాలు చదివే రకం. పదహారో ఏట నుంచీ అతనికి ఒకటే పిచ్చి, బస్సు. అలాంటివాణ్ణి తీసుకెళ్లి డిపో వెనకాల బస్సులు కడిగే చోట నీళ్ల పైపు చేతికిచ్చి నిలబెట్టారు. తను నడిపిన బస్సునే రోజూ కడిగి, వేరేవాడి చేతికి తాళాలిచ్చి, తడిసిన ప్యాంటుతో ఇంటికొచ్చేవాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

డ్రైవర్లు డ్యూటీ ఎక్కేముందు ఓ మిషన్లో ఊదాలి. అన్నయ్య ఊదినప్పుడల్లా సున్నాయే వచ్చింది. అది చూపిస్తే "డ్యూటీ దిగాక తాగుతాడు" అన్నారు. కొన్ని వారాల కిందట తాగినా పట్టేసే రక్తపరీక్ష ఉందని నేనే చెప్పి చేయించాను. అందులోనూ ఏమీ లేదు. "భయపడి మానేసుంటాడు" అన్నారు. తాగితే తాగినట్టు, తాగకపోతే భయపడి మానేసినట్టు. ఆ లెక్కన నేనూ తాగుబోతునే, బోర్డు డాక్టరూ తాగుబోతే.

వదిన మంచిది. మంచిది కాబట్టే అన్నయ్యకు ఎక్కువ తగిలింది. ఓ సాయంత్రం అతనికి కంచం పెట్టి పక్కన కూర్చుని, "నాతో ఒక్క మాట చెప్పండి. నేనేమీ అనను. మనిద్దరం కలిసి మాన్పించుకుందాం" అంది. అన్నయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

అమ్మ మాత్రం అసలు ఆశ్చర్యపోలేదు. "ఎక్కడికి పోతుంది? అంతా వాళ్ల నాన్న పోలికే" అని మూతి మూడు వంకర్లు తిప్పింది.

దీని వెనక ఓ పాత కథ ఉంది. మా నాన్న రైల్వే పార్సిలు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. పెళ్లైన కొత్తలో ఆయనకు కడుపునొప్పొస్తే ఓ డాక్టరు పొట్ట నొక్కి చూసి, "లివర్ వాచింది, తాగుడు మాను" అన్నాడట. పక్కనే ఉన్న అమ్మ ఆ మాట చెవినేసుకుంది. ఆ రోజు నుంచి నాన్న సాయంత్రం గడప దాటి లోపలికొస్తే చాలు, అమ్మ ఎదురెళ్లి "ఊదండి" అనేది. ఆయన చెప్పులు విడిచి, సంచి కింద పెట్టి, బుద్ధిగా "హా" అని ఊదేవాడు. ఏనాడూ ఏ వాసనా దొరకలేదు. "జాగ్రత్తపరుడు" అనేది అమ్మ. పిల్లలం మాకు అదో ఆట. నాన్న రిటైరయ్యాక కూడా సాయంత్రం షికారుకెళ్లి రాగానే ఆ తంతు జరగాల్సిందే.

అన్నయ్య గొడవ మొదలయ్యాక నాన్న మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయాడు. నాకు ఆయన మీదా కోపమొచ్చింది.

నేను పనిచేసేది ప్రొటీన్ల ల్యాబులో. రక్తంలోని ప్రొటీన్లను విడదీసి, ఏది ఎంతుంది, ఏది ఎలా ఉందని చూడటం మా పని. ఇంట్లో వాళ్లకు మాత్రం నేను "గాజు గొట్టాల ఉద్యోగం" చేస్తాను. లివర్ డాక్టరమ్మ ఒకావిడ మా ల్యాబుకు శాంపిళ్లు పంపుతుంటుంది. అన్నయ్యను వెంటబెట్టుకుని ఆవిడ దగ్గరికెళ్లాను. ఆవిడ అన్నయ్య మాట నమ్మింది. అంటే నమ్మానని అనలేదు, "చూద్దాం" అంది. ఆ రోజుల్లో మాకు ఆ ఒక్క మాటే పదివేలు.

"తాగకుండా, లావెక్కకుండా కూడా లివర్లో కొవ్వు చేరొచ్చు. కొందరికి జన్యువుల్లోనే ఉంటుంది" అని ఆవిడ అన్నయ్యకు వివరంగా చెప్పింది. కాలేయంలో కొవ్వు చిన్న చిన్న బిందువులుగా ఉంటుంది. ఓ జన్యువు తయారుచేసే ప్రొటీన్ ఆ బిందువుల మీద కూర్చుంటుంది. ఆ జన్యువులో ఓ మార్పుంటే ఆ ప్రొటీన్ తన పని తను చేయదు, చోటు ఖాళీ చేయదు. కొవ్వు కరిగే దారి మూసుకుపోతుంది. లోకంలో చాలామందికి ఉండే మార్పే అది.

"అంటే సీట్లో కూర్చుని దిగని ప్యాసింజరు" అన్నాడు అన్నయ్య. చాలా రోజుల తర్వాత అతని నోట ఓ జోకు విన్నాను.

ఆ పరీక్ష చేయించాం. సాధారణంగా చూసే మార్పులన్నీ చూశారు. అన్నయ్యకు ఒక్కటీ లేదు. నాలోని గాలంతా తీసేసినట్టయింది. అన్నయ్య ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "పోన్లేవే. బస్సులు కడగడం కూడా పనేగా" అన్నాడు. నేను ఒంటికాలి మీద లేచి, నడిరోడ్డు మీదే అతనితో గొడవపెట్టుకున్నాను. ఓడిపోవడానికి అంత తొందరేంటని అరిచాను. దారినపోయేవాళ్లు ఆగి మరీ చూశారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అందరం తింటున్నాం. అన్నయ్య మొహం వేలాడేసుకుని కూర్చుంటే, నాన్న అతన్ని ఉషారు చేద్దామని మా ఇంటి పాత పందెం బయటికి తీశాడు. మా ఇంట్లో కొందరికి పొడుగు గొప్ప, కొందరికి చదువు గొప్ప. నాన్నకూ అన్నయ్యకూ కొలెస్ట్రాల్ గొప్ప. ఇద్దరికీ ఎప్పుడు చూసినా తక్కువే. పరీక్ష చేయించినప్పుడల్లా ఎవరికి తక్కువొచ్చిందోనని పందెం.

"ఈసారి ఎంతొచ్చిందిరా?" అన్నాడు నాన్న.

"మీకన్నా తక్కువే. బోర్డు డాక్టరు దాని పక్కన నక్షత్రం గుర్తేసి భేష్ అన్నాడు. ఇదొక్కటే బాగుందన్నాడు."

"నా కొడుకువనిపించావ్! ఎనభయ్యేళ్లు దాటినా గుండె రాయిలా ఉందంటే ఊరికేనా?"

నేను చేత్తో మంచినీళ్ల గ్లాసు పట్టుకుని అలాగే ఆగిపోయాను. అన్నయ్య కాలేయంలో కొవ్వు కుప్పలుగా ఉంది. రక్తంలో మాత్రం లేదు. ఇంత కొవ్వు ఇంట్లో పెట్టుకుని వీధిలోకి ఒక్క బస్తా కూడా పంపకపోవడం ఏమిటి? ఇన్నేళ్లుగా మేమందరం చప్పట్లు కొట్టిన అంకె మంచి అంకె కాదేమో. రోగం మా కళ్లముందే పందెంలో గెలుస్తూ కూర్చుందేమో.

"నాన్నా, మీకు నూనె సరుకు పడదు కదూ?" అని అడిగాను.

"చిన్నప్పటి నుంచీ అంతే. కడుపు గడబిడ చేస్తుంది. వాడికీ అంతేగా."

నేను ఎంగిలి చెయ్యి గాల్లో ఊపుతూ వాళ్లకు చెప్పడం మొదలుపెట్టాను. కాలేయం తను తయారుచేసిన కొవ్వును ఊరికే రక్తంలో వదలదు. అపో-బి అనే ఓ పెద్ద ప్రొటీన్‌ను చుట్టూ చుట్టి, మూటకట్టి మరీ పంపుతుంది. ఆ ప్రొటీన్ సరిగ్గా తయారుకాకపోతే మూట కట్టడం కుదరదు.

నాన్న కళ్లు వెలిగాయి. పార్సిలు ఆఫీసు ఆయనకు మళ్లీ కళ్లముందుకొచ్చింది. "అంటే చుట్టే కాగితం చాల్లేదు. సరుకంతా గోడౌన్లో పేరుకుపోయింది. బయట ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంటే, మనమేమో ప్లాట్‌ఫారం ఎంత శుభ్రంగా ఉందోనని మురిసిపోతున్నాం. అంతేనా?"

"అంతే నాన్నా!"

"అయితే చూడవే. తొందరగా చూడు."

మా ల్యాబు పెద్దను వెనకాల అందరూ "కత్తెర సారు" అంటారు. దానికో కారణముంది. ప్రొటీన్లను ముందు జెల్ అనే మెత్తటి పలకలో కరెంటు పెట్టి పరుగెత్తిస్తాం. పెద్దవి పైనే ఆగిపోతాయి, చిన్నవి కిందికి జారతాయి. తర్వాత వాటిని ఓ తెల్లటి పలచని పొర మీదికి దింపి, మాకు కావలసిన ప్రొటీన్‌నే పట్టుకునే యాంటీబాడీ పోస్తాం. అది పట్టుకున్న చోట నల్లగీత కనిపిస్తుంది. ఆ యాంటీబాడీ బంగారం ధర. అందుకని సారు, మన ప్రొటీన్ ఎంత ఎత్తులో ఆగుతుందో చూసుకుని, పొరలో అంతవరకే సన్నటి ముక్క కత్తిరించి, మిగతాది పారేయమంటారు. ఆయన చేతి కింద పనిచేసిన వాళ్లందరికీ ఈ అలవాటే. ఎవరం ఎప్పుడూ రెండోసారి ఆలోచించలేదు.

అన్నయ్య సంతకం పెట్టాడు, సారు ఒప్పుకున్నారు, డాక్టరమ్మ రక్తం తీయించి పంపింది. పక్కన పోల్చుకోవడానికి నా రక్తం పెట్టాను. అపో-బి మహా పెద్ద ప్రొటీన్, జెల్లో దాదాపు పైఅంచున ఆగుతుంది. నేను పైముక్క కత్తిరించి పరీక్ష చేశాను. నా గీత నల్లగా, లావుగా వచ్చింది. అన్నయ్య గీత పలచగా ఉంది. అంతే.

"శాంపిల్ తక్కువ పోశావమ్మాయ్" అన్నారు సారు.

మళ్లీ చేశాను. మళ్లీ పలచనే. "తక్కువుందంటే తక్కువుందంతే. దీంతో బోర్డు ఒప్పుకోదు. తాగుడు వల్ల లివర్ పాడైనా ప్రొటీన్లు తగ్గొచ్చంటారు" అన్నారాయన. అన్యాయమేమీ కాదు, ఆయన అన్నది నిజమే. నిజం కాబట్టే నాకు ఏడుపొచ్చింది.

బల్ల ముందు కూర్చుని, కత్తిరించిన మిగతా ముక్కలు చెత్తడబ్బాలో పడేయబోతూ చేయి ఆపాను. జన్యువులో తప్పుంటే ప్రొటీన్ తక్కువగానే తయారవ్వాలని ఎక్కడుంది? సగంలో తెగిపోయి, పొట్టిగా కూడా తయారవ్వచ్చుగా. పొట్టిగా ఉంటే పైన ఎందుకాగుతుంది? కిందికి జారిపోతుంది. నేను రెండుసార్లూ పైఅర వెతికి, కిందిఅర చెత్తలో పోశాను.

నన్ను నేను తిట్టుకోవడానికి కూడా తీరిక దొరకలేదు. ఈసారి ఇంటిల్లిపాదీ రక్తం కావాలని ఇంటికి ఫోన్ చేశాను.

"నా రక్తమెందుకే? నేనేమైనా తాగానా?" అంది అమ్మ.

"తాగనివాళ్ల రక్తం కూడా ఒకటి కావాలమ్మా."

"అయితే తీసుకో" అంది గర్వంగా.

రక్తాలొచ్చిన మర్నాడు ఉదయం, జెల్ పని ముగించి పొర తీస్తుంటే సారొచ్చి వెనక నిలబడ్డారు. పొర అంతా ఒక్క ముక్కగా ట్రేలో పడుకోబెట్టడం చూసి, "ఏమ్మాయ్, యాంటీబాడీ మీ నాన్న కొనిస్తాడా? కత్తెరేదీ?" అన్నారు.

"కనబడట్లేదు సార్."

నా కోటు జేబులో అది తొడకు గుచ్చుకుంటోంది. ఆయన సొరుగులన్నీ వెతికారు. ఆఖరికి నా మొహం చూశారు. పసిగట్టినట్టే ఉన్నారు. ఏమనుకున్నారో ఏమో, కుర్చీ లాక్కుని కూర్చుని, "సరే, పోసెయ్" అన్నారు.

మధ్యాహ్నానికి బొమ్మ తెర మీదికొచ్చింది. నాలుగు వరసలు. మొదటిది నాది: పైన ఒక నల్లగీత, కింద ఖాళీ. రెండోది అమ్మది: అదే తీరు. మూడోది అన్నయ్యది. పైన పలచటి గీత, దానికి బాగా కింద, మామూలుగా మేం పారేసే చోట, ఇంకో గీత. చిన్నదే కానీ స్పష్టంగా ఉంది. నాలుగోది నాన్నది. అచ్చం అన్నయ్య వరస లాగే, ఒకే ఎత్తులో, తండ్రీకొడుకులు పక్కపక్కన నిలబడ్డట్టు ఉన్నాయి.

సారు తెరకు ముక్కు ఆనించినంత పని చేశారు. ఆయన ఒక్కసారిగా బల్ల మీద అరచేత్తో చరిచి, "పొట్టిది! పొట్టి ప్రొటీన్! దొరికిందమ్మాయ్, దొరికింది!" అని అరిచిన అరుపుకు పక్క ల్యాబు వాళ్లు ఏదో పేలిందని పరుగెత్తుకొచ్చారు. నేను ఎగిరి గంతేస్తే జేబులోంచి కత్తెర నేల మీద పడి ఖంగుమంది. సారు దాన్ని తీసి, "ఇదిక్కడుందా?" అని మాత్రమే అని, సొరుగులో పెట్టి మూసేశారు.

నేను ఏడ్చాను. నవ్వుతూనే ఏడ్చాను. ఎవరేమనుకున్నా నాకు పట్టలేదు.

డాక్టరమ్మ ఆ బొమ్మ చూసి, ఈసారి అపో-బి జన్యువును మొదట్నుంచి చివరిదాకా చదివించింది. మేం గీతలో చూసిందే అక్కడ అక్షరంలో ఉంది. ఒక్క అక్షరం మారి, మధ్యలోనే "ఇక చాలు" అనే గుర్తు పడింది. కణం ప్రొటీన్‌ను కడుతూ కడుతూ అక్కడికొచ్చి ఆపేస్తోంది. తల్లిదండ్రుల నుంచి వచ్చే రెండు ప్రతుల్లో ఒకటి బాగానే ఉంది, రెండోది ఇది. నాన్నకూ అదే. ఆయన నుంచి అన్నయ్యకొచ్చింది, నాకు రాలేదు.

బోర్డు రోజున డాక్టరమ్మ, కత్తెర సారు ఇద్దరూ పిలవకుండానే వచ్చారు. బోర్డు డాక్టరు కాగితాలన్నీ తిప్పి తిప్పి చూశాడు. తన చేత్తో కొలెస్ట్రాల్ పక్కన వేసిన నక్షత్రం దగ్గర ఆగాడు. తర్వాత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అన్నిట్లో ఇదే బాగుందని మెచ్చుకున్నాను. చూడాల్సింది దీన్నే. పొరపాటు నాది. నిన్ను అనుమానించినందుకు ఏమీ అనుకోకు" అన్నాడు. మనిషి పెద్దమనిషే, ఒప్పుకోవాలి. అన్నయ్య కాలేయం గట్టిపడలేదని, నూనె తగ్గించి, విటమిన్-ఇ వాడుతూ, ఏటా స్కాన్ చేయించుకుంటే డ్రైవింగుకు ఏ అడ్డూ లేదని డాక్టరమ్మ చెప్పింది. "మందు జోలికి మాత్రం వెళ్లకూడదు" అని బోర్డు డాక్టరు అలవాటు కొద్దీ అన్నాడు.

"మానడానికి నేను మొదలుపెడితేగా సార్" అన్నాడు అన్నయ్య. గదిలో అందరూ నవ్వారు. నా పుల్లన్నయ్య ఆ రోజు ఆ గదిలో అందరికన్నా ఎత్తుగా కనిపించాడు. బయట నిలబడ్డ వదిన అతని చెయ్యి పట్టుకుని ఏదో అనబోయింది. "ఇంటికెళ్లాక తిడతాను, ఇప్పుడు కాదు" అన్నాడతను. వదిన ఏడుస్తూ తలూపింది.

అన్నయ్య మళ్లీ బస్సెక్కే రోజు ఉదయం మేమందరం డిపోకెళ్లాం. అమ్మ కొత్తచీర కట్టింది. దారి పొడుగునా ఒక్క మాటా మాట్లాడలేదు. నిజానికి నాన్న వరసలో రెండో గీత చూపించిన రోజు నుంచీ ఆవిడ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. సాయంత్రం నాన్న షికారు నుంచి వచ్చేసరికి వంటింట్లోనే ఉండిపోయేది. ఆయన గుమ్మంలో కాసేపు నిలబడి, చెప్పులు విడిచి, లోపలికొచ్చి పేపరు తీసుకునేవాడు.

అన్నయ్య మిషన్లో ఊదాడు. సున్నా. డిపో మొత్తం చప్పట్లు కొట్టింది. ఎవరో "పుల్ల!" అని ఈల వేశారు. అతను తను కడిగిన బస్సులోకి తనే ఎక్కి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, కళ్లు మూసుకుని ఒక్క క్షణం అలాగే కూర్చున్నాడు. మేం మొదటి ప్యాసింజర్లం. అమ్మా నాన్నా ముందు సీట్లో కూర్చుంటే, వెనక సీట్లో నేనూ వదినా కూర్చున్నాం.

"ఇన్నేళ్లూ ఎందుకు ఊరుకున్నారు?" అంది అమ్మ ఉన్నట్టుండి, కిటికీ వైపే చూస్తూ. "తాగలేదని గట్టిగా చెప్పొచ్చుగా."

"మొదటి ఏడాదంతా చెప్పాను. నువ్వు వింటేగా."

"మరి ఆ తర్వాత?"

నాన్న ఆవిడ వైపు తిరిగాడు. "ఇల్లు, పిల్లలు, వంట. పొద్దస్తమానం నీకు తీరికెక్కడిదే? రోజుకోసారి నువ్వు పనంతా వదిలి నా మొహంలో మొహం పెట్టేది దానికొక్కదానికే. అదీ పోగొట్టుకోమంటావా?"

వదిన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత కిటికీ వైపు నుంచి తిరిగి, నాన్న మొహానికి తన మొహం దగ్గరగా పెట్టింది.

"ఊదండి."

"ఇంకా ఎందుకే? రక్తం కూడా చూశారుగా."

"ఊదమన్నానా."

అన్నయ్య అద్దంలోంచి వాళ్లను చూసి, హారన్ గట్టిగా మోగించి బస్సు కదిలించాడు. నాన్న "హా" అని ఊదాడు.